కలగలుపు బియ్యం

ఆరాధన అయినాక, గుడి వెనక గదిలో
డ్రమ్ముల పక్కన, నాపరాయి అరుగు మీద
సేరు పట్టుకుని కూర్చుంటాను.
ఒక్కొక్కరే డబ్బా తెచ్చి వంపుతారు.

ఎసట్లో పోసే ముందు
ఒక పిడికెడు వెనక్కి తీసి వేరే పెట్టడం
మా ఆడోళ్లకు అలవాటు.
ఎవరి పిడికిలి వాళ్లది.

తబితమ్మవి పాత సోనా బియ్యం,
వాళ్లాయన సిమెంటు ఫ్యాక్టరీలో పర్మనెంటు.
దయమణివి స్టోరు బియ్యం, వాసనే చెబుతుంది.
సంతోషమ్మ నూకలు తెస్తుంది
మూత పూర్తిగా తీయకుండా.
పక్షవాతం వచ్చినాక పాపమ్మవ్వ పిడికిలి మూసుకోదు,
చెంచాతో ఏస్తుంది.
"నా పిడికిలి ఎంతో ఆయనకు తెలుసులేమ్మా" అంటుంది.

అన్నీ ఒకే గోతంలో పడతాయి.

ఆ బియ్యం వండితే ఎట్లుంటుందో నాకు తెలుసు.
సోనా ముద్దవుతుంది,
స్టోరు గింజ పలుకు మీదే ఉంటుంది,
నూక గంజిలో కలిసిపోతుంది.
ఏ నీళ్ల కొలతా దానికి కుదరదు.
ఎర్రగుంట్ల పాలిష్ ఫ్యాక్టరీలో బండల దుమ్ము మింగి
మా నాయన మంచాన పడిన ఏడు
పదకొండు నెలలు అదే తిన్నాము.
పళ్లెంలో గింజను చూసి
ఇది ఫలానా వాళ్లింటిదని
నేనూ మా చెల్లెలూ పందెం వేసుకునేవాళ్లం.
తెల్లారి బడిలో ఆ ఇంటి పిల్ల ఎదురైతే
నమలని మెతుకు నోట్లో ఉన్న మాదిరి
మాట వచ్చేది కాదు.

అందుకే లెక్క నా చేతికి వచ్చినాక
గోతం మోసుకుపోవడం మానేశాను.
రాత్రి కొళాయి వదిలే వేళకు
బిందెలో బియ్యం పోసి నెత్తిన పెట్టుకుంటాను.
నీళ్ల బిందెను వీధిలో ఎవరూ అడగరు.
కుడిచేతి సంగతి ఎడమచేతికి తెలియకూడదంటారు గానీ
నిండు బిందె దించాలంటే రెండు చేతులూ కావాలి.

ఈ నెల, క్వారీలో కాలు పోయిన ఓబులేసు ఇంటికి.
వాళ్లు గుడికి రారు. నేను రమ్మనను.
"కరపత్రం కూడా పెట్టమ్మా" అన్నారు పాస్టరుగారు.
మరిచిపోయినానన్నాను.
రెండోసారీ మరిచిపోయినాను.

మొన్న శుక్రవారం
కువైట్ నుంచి యునీకే గొంతు వచ్చింది ఫోన్లో:
"అక్కా, ఈడ కూడా పిడికెడు తీస్తాండా.
పాలపొడి డబ్బాలో. పొడుగు గింజ బాసుమతి.
మేడమ్‌కు చెప్పే తీస్తాండాలే,
నా కూటిలోదే.
డబ్బా నిండింది. ఆడికి పంపేదెట్లా?"

నాకూ తెలియలేదు. జవాబు ఇవ్వలేదు.

మళ్లీ వారం:
"పక్కింట్లో ఒక పిల్ల ఉండాది అక్కా, ఏ దేశమో ఏమో.
రాత్రిళ్లు వంటింటికి తాళం ఏస్తారంట.
మిద్దె మీద గుడ్డలు ఆరేసేటప్పుడు
పిట్టగోడ మీద నుంచి అన్నం అందిస్తాండా.
మెడలో ఏ గుర్తూ లేదు. అడిగేదానికి భాష రాదు.
నిన్న తినేసి, ఎంగిలి చేత్తోనే
నా చెయ్యి పట్టుకుని శానాసేపు నిలబడింది.
లెక్కలో రాసుకో."

పుస్తకం తీశాను.
పేరు: యునీకే.
ఎంత: పాలపొడి డబ్బా ఒకటి.
ఎవరికి అన్న గడి దగ్గర
పెన్ను మొన సిరా ఊరి చుక్కయింది.
ఆ చుక్క మీదే రాశాను:
పక్కింటికి.

నెలాఖరున కూడిక తేలలేదు.
గోతంలో లేని బియ్యం కాగితంలో ఉంది.
సంఘపెద్ద జకరయ్య కళ్లద్దాలు పైకి నెట్టి
ఆ గీత మీద వేలు పెట్టి
ఒకసారి వాకిట్లోకి, వీధి చివరిదాకా చూశాడు.

"ఏ పక్కిల్లమ్మా?"